ఫాదర్ హయ్యరు తుది యప్పగింత

గురువు శిష్యునకుఁ జెప్పు కడపటి మాటకు మన దేశమునఁ జిరకాలమునుండి గౌరవము కలదు. తైత్తిరీయోపనిషత్తునందలి శిక్షావల్లిలో, వేదాధ్యయనము ముగించి యింటికిఁ బోవు శిష్యునకు నాచార్యుఁడు సత్యమును, ధర్మమును, స్వాధ్యాయమును విడువవలదని బోధించిన భాగము పండితులకుఁ బరిచితమే. క్రైస్తవ వాఙ్మయమున నట్టి స్థానమును బొందినది పౌలు తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక. అయినను రెండింటికి నొక భేదము కలదు. ఉపనిషత్తునందు శిష్యుఁడు పోవును, గురువు నిలుచును. పత్రికయందు గురువు పోవును, శిష్యుఁడు నిలుచును. మొదటిది గృహస్థాశ్రమమునకుఁ బంపు మాట. రెండవది భారము నప్పగించు మాట.

ఈ రెండవ విధమగు నప్పగింతకు నాంధ్రదేశ చరిత్రమున నొక స్పష్టమైన దృష్టాంతము కలదు. అమెరికా లూథరను ప్రచారకులలో మొదటివాఁడై 1842వ సంవత్సరమున గుంటూరు చేరిన జాన్ క్రిస్టియను ఫ్రెడరికు హయ్యరు, డెబ్బదియాఱేండ్ల వయస్సున మూఁడవమాఱు తెలుఁగుదేశమునకు వచ్చి, రాజమహేంద్రవరమునఁ బదుమూఁడు మాసములుండి, యువకులగు పాదిరులకుఁ బని నప్పగించి మరలిపోయెను. ఈ వృత్తాంతమును సాధారణముగా నొక వృద్ధుని సాహసకథగాఁ జెప్పుచుందురు. దానిని సాహసముగాఁ గాక యప్పగింతగాఁ జూచినచో నా కాలపు చరిత్ర మఱింత చక్కఁగా బోధపడును.

పత్రికయు దాని తెలుఁగును

తిమోతి రెండవ పత్రిక చిన్న గ్రంథము, నాలుగే యధ్యాయములు. రోమునగరపుఁ జెఱలో నుండి, మరణము సమీపించెనని యెఱిఁగిన పౌలు, ఎఫెసునందుండిన శిష్యునకు వ్రాసినదని సంప్రదాయము. పౌలు పేర నాతని శిష్యపరంపరలోని వారెవ్వరో తరువాత వ్రాసిరని నవీన విమర్శకులలోఁ బెక్కండ్ర యభిప్రాయము. కర్తృత్వ మెట్లున్నను, అందలి భావక్రమము విస్పష్టము. శిష్యుని యవ్వ లోయిని, తల్లి యునీకేను బేరుపెట్టి తలఁచుకొనుటతో నది యారంభమగును. లోన నున్న వరమును నిప్పు రగిల్చినట్లు రగిల్చుకొనుమనియు, సైనికునివలె, మల్లునివలె, సేద్యగానివలె నోర్చుకొనుమనియు హెచ్చరించును. తుదకు, అందఱు విడిచిపోయిరి, లూకా యొక్కఁడే తోడున్నాఁడు, త్రోయలోఁ గర్పునొద్ద విడిచిన యంగీని, పుస్తకములను దెమ్ము, చలికాలమునకు ముందే రమ్ము అను నింటిమాటలతో ముగియును. గంభీరమైన బోధయు, చలికి వణఁకు ముసలివాని యంగీయు నొక్కచోటనే యుండుట యా పత్రిక విశేషము.

అందు రెండవ యధ్యాయారంభమున నున్న యొక సూత్రము ప్రకృతమునకు ముఖ్యము. తాను బోధించినదానిని శిష్యుఁడు నమ్మకముగల మనుష్యుల కప్పగింపవలెను; వారు మఱికొందఱకు నేర్పవలెను. పౌలు, తిమోతి, నమ్మకముగల మనుష్యులు, మఱికొందఱు అని నాలుగు తరముల వారీ వాక్యమున నిమిడియున్నారు. గురువు సామర్థ్యమునకుఁ బరీక్ష శిష్యుఁడు కాఁడు, శిష్యుని శిష్యుఁడు.

ఈ పత్రిక తెలుఁగులోనికి వచ్చిన చరిత్ర కూడ నట్టి యప్పగింతల చరిత్రయే. పదునెనిమిదవ శతాబ్దమున మద్రాసునఁ బనిచేసిన హాలే సంప్రదాయపు లూథరను పాదిరి బెంజమిను షుల్ట్జు బైబిలును దెలుఁగు చేసెను గాని యది యచ్చుపడలేదు. ఆయన 1743లో దేశము విడిచి జర్మనీదేశపు హాలే పట్టణమునకుఁ బోయి, 1746, 1747 ప్రాంతమున నచ్చటఁ జిన్న తెలుఁగు పుస్తకములను ముద్రింపించెను. తెలుఁగు ముద్రణచరిత్రలో మొదటి పుటలవియే. 1805లో విశాఖపట్టణము చేరిన లండను మిషనువారగు క్రాను, దే గ్రాంజి యను వారు పని మరల నారంభించిరి. క్రాను 1809లోను, దే గ్రాంజి 1810లోను జనిపోయిరి. వారితోఁ బనిచేసిన యానందరాయఁడను బ్రాహ్మణ క్రైస్తవుని తోడ్పాటుతో సిద్ధమైన మూఁడు సువార్తలు 1812లో శ్రీరామపురమున నచ్చుపడినవి. క్రొత్తనిబంధన యంతయుఁ దెలుఁగున 1818లో శ్రీరామపురముననే వెలువడెను. కావున హయ్యరు గుంటూరు చేరునప్పటికిఁ దిమోతి పత్రిక తెలుఁగున నచ్చుపడి యిరువదినాలుగేండ్లైనది. బోధ ముందుగనే వచ్చియుండెను; దానిని జీవితమునఁ జూపువారు రావలసియుండిరి.

మొదటి రెండు రాకలు

హయ్యరు 1793వ సంవత్సరము జూలై 10వ తేదీని జర్మనీదేశమున బ్రూన్స్విక్కు ప్రభుత్వములోని హెల్మ్‌స్టెట్టు పట్టణమున జన్మించెను. తండ్రి జంతుచర్మములతో నుడుపులు కుట్టు వృత్తివాఁడు. పదునాలుగేండ్ల ప్రాయమున నాతనిని ఫిలడెల్ఫియాలోని మేనమామ యింటికిఁ బంపిరి. అచ్చట హెల్ముతు అను వృద్ధ పాదిరియొద్ద నాతఁడు వేదాంతవిద్య నారంభించెను. ఈ హెల్ముతు హాలేలోని యనాథశాలలోఁ జదివినవాఁడు. షుల్ట్జును బంపినదియు హాలే సంప్రదాయమే. తెలుఁగు నచ్చువేసిన యూరి విద్య, అట్లాంటికు మహాసముద్రము దాఁటి యొక యువకుని జేరి, మరల నాతనితోఁ దెలుఁగునాఁటికి వచ్చుట గమనింపఁదగినది.

హయ్యరు 1820లో గురుపట్టము పొంది, ఇరువదేండ్లు పెన్సిల్వేనియా, మేరీలాండు మొదలగు ప్రాంతములలో గుఱ్ఱముపైఁ దిరుగుచుఁ జెదరియున్న సంఘములను గూర్చెను. 1839లో భార్య చనిపోయెను. 1841 అక్టోబరు 14వ తేదీని బోస్టనులో నోడ యెక్కి, సింహళము, మద్రాసు, నెల్లూరుల మీఁదుగా 1842 జూలై 31వ తేదీని గుంటూరు చేరెను. అప్పటి కలెక్టరు హెన్రీ స్టోక్సు ఆయన నాదరించి నిలిపెను.

ఆనాఁటి గుంటూరుసీమ స్థితిని గూడఁ దలఁపవలెను. 1832, 1833 సంవత్సరముల నందననామ సంవత్సరపుఁ గఱవు గడచి పదేండ్లు కూడ నిండలేదు. సుమారైదు లక్షల జనములో రెండు లక్షలు నశించిరని యంచనా. అట్టి సీమలో హయ్యరు మొదటఁ జేసినది బడులు పెట్టుట. అందు బాలికల బడియు నొకటి. 1844లో వాల్టరు గన్ అను యువకుఁడు భార్యతో వచ్చి తోడయ్యెను. మరుసటి యేఁటఁ బని నాతని కప్పగించి, యనారోగ్యముచే హయ్యరు స్వదేశమునకు మరలెను. ఇది యాయన మొదటి యప్పగింత.

బాల్టిమోరులో వైద్యశాస్త్ర మభ్యసించి 1848లో నాయన రెండవమాఱు వచ్చెను. మఱుసటి సంవత్సరమునుండి పలనాటిసీమలో గురజాల యాయనకుఁ గేంద్రమయ్యెను. ఉత్తరమునఁ గృష్ణానది, నదికావల నిజాము రాజ్యము. ఇవతల జ్వరములకుఁ బేరుపడిన మెట్టసీమ. నాయకురాలి కథకును, బ్రహ్మనాయుని చాపకూటికిని నిలయమైన యా నేలలో దళితవాడలనుండి సంఘములు మొలకెత్తినవి. 1851లో గన్ గుంటూరునఁ జనిపోయెను. పని నప్పగింపఁబడినవాఁడు ముందుగాఁ బోయెను, అప్పగించిన ముసలివాఁడు నిలిచెను. ఆ కాలముననే రాజమహేంద్రవరములోని యుత్తర జర్మను సంఘమువారి పని కూడ నమెరికా లూథరనుల చేతికి వచ్చెను. 1857లో హయ్యరు మరల స్వదేశమునకుఁ బోయి, విశ్రమింపక, మిన్నెసోటాలోని వలసజనుల మధ్యఁ బనిచేసి, 1860లో నేర్పడిన మిన్నెసోటా సినడునకు మొదటి యధ్యక్షుఁడయ్యెను.

1869

అంతలో నమెరికాలో నంతర్యుద్ధము వచ్చెను. 1861 మొదలు 1865 వఱకు సాగిన యా యుద్ధమువలన ధనమును, మనుష్యులును దూరదేశమునకు వచ్చుట తగ్గిపోయెను. రాజమహేంద్రవరమున బహుకాలము పనిచేసిన గ్రోనింగు 1865లో జర్మనీకి మరలెను. సామర్లకోటలో నుండిన యాడము లాంగు 1866లో మశూచికముచేఁ జనిపోయెను. గుంటూరున 1858లో వచ్చిన యునాంగ్స్టు ఒక్కఁడు మిగిలెను. కృష్ణకు దక్షిణమునఁ బలనాడు మొదలుకొని గోదావరికి నుత్తరమున సామర్లకోట వఱకు నొక్కఁడే పాదిరి. దీనికిఁ దోడు స్వదేశమున లూథరను సంఘము రెండుగాఁ జీలెను. 1867లో జనరలు కౌన్సిలు వేఱుపడెను.

ఈ స్థితిలో రాజమహేంద్రవరము, సామర్లకోటలను ఏలూరునఁ బనిచేయుచుండిన యాంగ్లికను మిషనునకు నప్పగింప నాలోచన సాగెను. ఈ యాలోచనకు యునాంగ్స్టును నిందించుట కొందఱకు వాడుకయైనది. అది న్యాయము కాదు. ఒంటరివాఁడు తాను మోయలేని బరువును, మోయఁగల పొరుగువానికిచ్చుట పిఱికితనము కాదు, బాధ్యత. ఆయన గుంటూరును విడువలేదు. అటుపిమ్మటఁ బెక్కేండ్లచ్చటనే పనిచేసెను. పౌలు పత్రికలో విడిచిపోయిన వారి పేర్లును, నిలిచిన లూకా పేరును గలవు. ఈ కథలో యునాంగ్స్టు లూకావంటివాఁడే.

హయ్యరప్పుడు జర్మనీలో నుండెను. ఈ వార్త గ్రోనింగు మూలమునఁ దెలియఁగా నాయన యమెరికాకు మరలి, 1869లో రెడింగు పట్టణమునఁ గూడిన పెన్సిల్వేనియా సంఘసభ యెదుట నిలిచి, గోదావరి తీరపుఁ బనిని విడువవలదని వాదించెను. యువకుఁడు దొరకునంతవఱకుఁ దానే పోయెదననియు, ఎప్పుడు పోవఁగలవని యడిగినవారికి నిప్పుడే సిద్ధమనియు నాయన చెప్పినట్లు ప్రసిద్ధము. ఇందు రెండవ మాటకంటె మొదటి మాట విలువైనది. ఆయన గోదావరి తీరమునఁ జనిపోవుటకుఁ గోరలేదు; యువకుఁడు వచ్చు వఱకుఁ జోటు నిలుపుటకే కోరెను. వీరమరణమునకుఁ బోవువానికిని, కాపుండుటకుఁ బోవువానికిని భేదము కలదు.

సభవారొప్పుకొనిరి. రాజమహేంద్రవరము, సామర్లకోటలు పెన్సిల్వేనియా సంఘమునకు వచ్చినవి. గుంటూరు జనరలు సినడునకు నిలిచెను. 1869 ఆగస్టు 31వ తేదీని బయలుదేఱి హయ్యరు డిసెంబరు 1వ తేదీని రాజమహేంద్రవరము చేరెను. మొదటి ప్రయాణమునకు, దారిలోని మజిలీలతోఁ జేరి, తొమ్మిదిన్నర మాసములు పట్టెను. దీనికి మూఁడే మాసములు. సూయజు కాలువ తెఱచినది కూడ నా నవంబరు నెలలోనే. లోకము దగ్గఱయగుచున్న కాలమున నాయన తుది రాక కలిగెను.

పదుమూఁడు మాసములు

రాజమహేంద్రవర మాయన యెఱిఁగిన పూర్వపు రాజమహేంద్రవరము కాదు. 1847లో నారంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరపు టానకట్ట గోదావరి మండలము రూపు మార్చెను. కాలువల వెంట గ్రామములు పెరిఁగెను, కూలిజనము కదలెను. మిషను మాత్రము తగ్గిపోయి, తెలుఁగు ఉపదేశకుల చేతిలో నిలిచియుండెను. వారిలో నేలప్రోలు పౌలుసు, తోట యోసేపు అనువారు తరువాతి చరిత్రలోఁ బ్రసిద్ధులైరి. సముద్రము దాఁటి వచ్చినవారు రోగముచే, యుద్ధముచే, వార్ధక్యముచే మాఱుచుండఁగా, పొలముగట్లపై నడచి, పాలెములలో బడి చెప్పి, ఆదివారమునఁ బ్రార్థన చేయించినవారు తెలుఁగువారు. హయ్యరు వచ్చి యారిన పొయ్యి రగిల్చెనని చెప్పు కథలో నిప్పు కప్పిపెట్టి కాపాడినవారి పేర్లు తఱచుగా మఱఁగిపోవును. వారు లేనిచో నాయన రాకకుఁ బట్టుకొమ్మ యుండెడిది కాదు.

1870వ సంవత్సరమున బెకరు అను యువకపాదిరి వచ్చెను. వచ్చిన కొలఁది వారములకే చనిపోయెను. గన్ మరణించి పందొమ్మిదేండ్లకు మరల నదియే దుఃఖము. డెబ్బదియాఱేండ్ల వృద్ధుఁడు తనకంటె నెంతో చిన్నవానిని మట్టిచేసి మరల నెదురుచూడవలసివచ్చెను. తాను స్వయముగాఁ బని మొదలు పెట్టి ప్రసిద్ధి పొందుట కప్పుడవకాశ ముండెను; ఆయన యట్లు చేయలేదు. ఆగస్టు నెలలో హెచ్. సి. ష్మిట్టు వచ్చెను. హయ్యరాతనికి సంఘములను, బడులను, లెక్కలను, మనుష్యులను బరిచయము చేసి, ప్రాంతమునఁ దిప్పి, 1871 జనవరిలోఁ దానే తొలఁగెను. ఆ సంవత్సరమే పౌల్సను అను డేనుజాతి పాదిరి ష్మిట్టునకుఁ దోడుగా వచ్చెను.

ఐదాఱు మాసములలో నప్పగించి తొలఁగుట సామాన్యము కాదు. వృద్ధగురువు కుర్చీ విడువక కూర్చుండుటచే శిష్యులు నలిగిపోయిన మఠములును, పాఠశాలలును, సాహిత్యసభలును దేశమునఁ గొల్లలు. ఏట నెదురీఁదుట కొందఱకు సాధ్యము. ఒడ్డెక్కి తెడ్డు మఱియొకని చేతికిచ్చుట మఱింత కష్టము. ష్మిట్టునకు హయ్యరిచ్చిన ధైర్యమేదని యడిగినచో, ఆయన చెప్పిన మాటలకంటె, ఆయన చూడకుండఁ బోయిన దినమే దానికి జవాబు. పర్యవేక్షణము తొలఁగినప్పుడే నమ్మకము తెలియును. ష్మిట్టా నమ్మకమును నిలుపుకొని, పందొమ్మిదవ శతాబ్దపుఁ జివరవఱకును గోదావరి మండలపు లూథరను మిషనునకు మూలస్తంభమయ్యెను.

హయ్యరు ఫిలడెల్ఫియా చేరి, 1864లో నేర్పడిన లూథరను వేదాంతవిద్యాలయమున విద్యార్థుల నడుమ గృహపాలకుఁడుగాఁ గడపటి దినములు గడపెను. గురుపట్టమునకు సిద్ధమగు యువకులకుఁ బ్రతిదినము కన్నులయెదుటఁ దిరుగు పాఠమాయన జీవితము. 1873 నవంబరు 7వ తేదీని మరణించెను. దేహమును సోమర్సెట్టు మండలమునందలి ఫ్రీడెన్సు గ్రామమున భార్య సమాధి ప్రక్కను నిక్షేపించిరి. ఆ విద్యాలయ విద్యార్థుల మిషను సమాజమునకుఁ దరువాత నాయన పేరే పెట్టిరి.

నాలుగు తరముల పరీక్ష

పత్రికలోని సూత్రముచే నీ కథను బరీక్షించినచో నేమి తేలును? హయ్యరు మొదటి తరము, ష్మిట్టు రెండవది. మూఁడవ తరమైన నమ్మకముగల మనుష్యులు తెలుఁగువారు కావలెను. 1878లో రాజమహేంద్రవరమునఁ దోట యోసేపు, నేలప్రోలు పౌలుసులకు గురుపట్టమిచ్చిరి. హయ్యరు గుంటూరు చేరిన ముప్పదియాఱేండ్లకు గాని, గోదావరి తీరపు లూథరను సంఘమునఁ దెలుఁగు పాదిరి యేర్పడలేదన్నమాట. మచిలీపట్టణమున రాబర్టు నోబిలు 1843లోఁ బాఠశాల నెలకొల్పఁగా, ఆయన శిష్యులగు మంచాల రత్నము, ఐనాల భూషణము 1864లోనే పట్టము పొందిరి. మఱుసటి యేఁట నోబిలు మచిలీపట్టణముననే కన్నుమూసెను. ఆయన శిష్యులు గురువుండఁగనే గురువులైరి. హయ్యరు కాలపు తెలుఁగు సహాయకులు గురువు చనిపోయిన యైదేండ్లకుఁ గాని కాలేదు.

ఈ యాలస్యమునకుఁ గారణములు లేకపోలేదు. నోబిలు శిష్యులు ఆంగ్లవిద్య చదివిన యగ్రవర్ణులు. హయ్యరు సహాయకులు పల్లెబడులలోఁ బనిచేసినవారు. ఒకచోట విద్య ముందు, సంఘము తరువాత. ఇంకొకచోట సంఘము ముందు, విద్య తరువాత. అయినను విద్యాలోపమను కారణమొక్కటి చాలదు. పాదిరి లేని యేండ్లలో బరువు మోయఁదగినవారు, పాదిరియున్న యేండ్లలోఁ బట్టమునకుఁ దగనివారెట్లగుదురు? దూరదేశపు సంఘములు ధనమును బంపినంత త్వరగా నమ్మకమును బంపలేదు. హయ్యరు యూరోపీయ యువకునకు మాసములలోఁ జేసిన యప్పగింత, తెలుఁగువారికి దశాబ్దములు పట్టెను. ఆయన కీర్తికిది తగ్గింపు కాదు. ఆ కాలపు మిషనులన్నిటికి వర్తించు కొలఁత. గురువు తన యెడమచేతినుండి కుడిచేతికి మార్చుకొనుట యప్పగింత కాదు. ఊరివాని చేతఁ బెట్టినప్పుడే యప్పగింత పూర్తియగును.

నాలుగవ తరము వఱకుఁ బోయినచో ఫలము కానవచ్చును. 1918లో నమెరికాలోని చీలిక మానెను. 1927లో గుంటూరు, రాజమహేంద్రవర మిషనుల సంఘములు గలసి యాంధ్ర సువార్త లూథరను సంఘమయ్యెను. 1869లో వేఱుపడిన రెండు తీరములును, ఏఁబదియెనిమిదేండ్లకుఁ దెలుఁగువారి పేరనే యొక్కటైనవి. రాజమహేంద్రవరపు లూథర్‌గిరి పాఠశాలలో మొదలైన పాదిరుల విద్య, 1964లో నితర సంఘములతోఁ గలిసి యాంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలయై, తరువాత హైదరాబాదునకుఁ దరలెను. హయ్యరు గురజాలనుండి కృష్ణకావల చూచిన నిజాము దేశపు రాజధానిలోనే, ఆయన సంప్రదాయపు యువకపాదిరులు పట్టమునకుఁ జదువుకొనుట చరిత్ర చేసిన వింత.

ఈ వృత్తాంతమున మూఁడంశములు నిలుచును. మొదటిది, 1869 నాఁటి రాక వృద్ధుని మొండితనము కాదు, కాలము నెఱిఁగిన కాపుదల. రెండవది, ఆ కాపుదలకుఁ బూర్వము యునాంగ్స్టును, తెలుఁగు ఉపదేశకులును జేసిన కాపుదల కలదు; దానిని విడిచి హయ్యరు నొక్కనినే పొగడుట చరిత్ర కాదు, పురాణము. మూఁడవది, గురువు తుదిమాట విలువ యాతఁడు పలికిన దినమునఁ దేలదు. తిమోతి పత్రిక వ్రాసినవారికి నది తెలియును. కావుననే యాశీర్వాదమునకు ముందు నమ్మకముగల మనుష్యులను వెదకుమని శిష్యునకుఁ బని చెప్పిరి. హయ్యరు వెదకినవాఁడు ష్మిట్టు. ష్మిట్టు కాలమునఁ బట్టము పొందినవారు యోసేపు, పౌలుసులు. గోదావరి తీరమున నా పరంపరలోని తరువాతి పేర్లన్నియుఁ దెలుఁగు పేర్లగుటయే యా తుది యప్పగింతకుఁ బ్రమాణము.